లారీ పదే పదే హీటెక్కుతోందా? హెడ్డు దింపే ముందు ఇంటి దగ్గరే ఇవి చూసుకోండి

మూడేళ్ల కిందటి ఏప్రిల్. మిర్యాలగూడ మిల్లులో బియ్యం ఎత్తుకుని కాకినాడ పోర్టుకు బయల్దేరితే, కోదాడ దాటి నందిగామ వచ్చేసరికి టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దగ్గరికి పోయేది. పక్కకి ఆపి, చల్లారాక నీళ్లు పోసి మళ్లీ కదిలితే ఏలూరు దగ్గర మళ్లీ అదే గోల. షెడ్డులో చూపిస్తే రెండు నిమిషాల్లో తేల్చేశారు, "అన్నా, రేడియేటర్లో బుడగలొస్తున్నాయి, హెడ్ గ్యాస్కెట్ పోయింది" అని. హెడ్డు, అంటే ఇంజన్ పై భాగం, దింపారు, దాని కింద ఉండే గ్యాస్కెట్ మార్చారు, బిగించారు. పది రోజులకే మళ్లీ బుడగలు. ఈసారి హెడ్డు ఫేసింగ్ కొట్టించి (అడుగు చదును చేయించి) ఇంకో గ్యాస్కెట్ వేశారు. మళ్లీ బుడగలే. రెండుసార్లకీ కలిపి నాకు 40 వేలు దాటింది, బండి నిలబడిన రోజుల కిరాయి, కట్టాల్సిన ఈఎంఐ వేరే. చివరికి తేలిందేమిటంటే హెడ్డుకి అసలేమీ కాలేదు. తప్పు ఎక్కడుందో బుడగల దగ్గరికి వచ్చినప్పుడు చెబుతాను, ఎందుకంటే దాని కంటే ముందు చూడాల్సినవి చాలా ఉన్నాయి, వాటిలో సగానికి పైగా పైసా ఖర్చు లేనివి.

నాది ఎయిర్ బ్రేకులున్న ఆరు టైర్ల బండి, టర్బో డీజిల్. కింద చెప్పేవన్నీ అలాంటి బండిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నవే. చిన్న ట్రాలీ బండ్లకి కూడా చాలావరకు పనికొస్తాయి, బ్రేకులకి గాలి కొట్టే కంప్రెసర్ సంగతి తప్ప.

దగ్గర పెట్టుకోవాల్సిన సామాను పెద్దగా లేదు. ఒక టార్చి, నీళ్ల పైపు, పాత గిన్నె, వంటింటి థర్మామీటరో లేదా నీళ్లలో ముంచగలిగే ఏ థర్మామీటరైనా, దూరం నుంచే వేడి చూపించే ఇన్‌ఫ్రారెడ్ గన్ ఒకటి (ఆన్‌లైన్‌లో చవగ్గానే దొరుకుతుంది, కరోనా టైములో నుదుటికి పెట్టినది కాదు, అది అంత వేడి చూపించదు), ఒక నోటు పుస్తకం. పుస్తకం అంటే తేలిగ్గా తీసుకోకండి, అన్నిటికంటే ఎక్కువ పని చేసేది అదే.

ముందు ఒళ్లు జాగ్రత్త

వేడి మీద రేడియేటర్ క్యాప్ తిప్పొద్దు. గోనెసంచి వేసి తిప్పినా, తువ్వాలు చుట్టి తిప్పినా వద్దే. క్యాప్ మీద 0.9 (బార్) అనో 13 (పీఎస్ఐ) అనో రాసి ఉంటుంది, రెండూ ఒకటే, ఆ క్యాప్ పట్టి ఉంచే ప్రెషర్ అది. ఆ ప్రెషర్‌లో మామూలు నీళ్లు వంద దగ్గర కాదు, దాదాపు 118 డిగ్రీల దగ్గర గానీ మరగవు. అంటే లోపల 105 డిగ్రీల నీళ్లు మరగకుండా ఊరికే కూర్చుని ఉంటాయి, మీరు క్యాప్ వదులు చేసిన క్షణంలో ప్రెషర్ పోయి ఒక్కసారిగా మరిగి, ఆవిరీ సలసలలాడే నీళ్లూ మొహం మీదకి వస్తాయి. మా ఊళ్లో ఒక క్లీనర్ కుర్రాడి మెడ నుంచి మోచేతి దాకా అలాగే కాలింది. కనీసం గంట ఆగండి, పైన ఉండే లావు హోస్ పైపుని గుడ్డతో పట్టుకుని నొక్కి చూడండి, అది మెత్తగా ఉంటేనే క్యాప్ జోలికి వెళ్లండి.

క్యాబిన్ ఎత్తితే లాక్ పడిందో లేదో రెండుసార్లు చూసుకున్నాకే తల లోపల పెట్టండి. ఇంజన్ నడుస్తుండగా ఫ్యాన్ దగ్గరికి లుంగీతో, మెడలో తువ్వాలుతో పోవద్దు. టైర్లకి ముందూ వెనకా రాళ్లు పెట్టండి, ఎందుకంటే ఒక టెస్టులో బ్రేకు గాలి అంతా కావాలనే ఖాళీ చేస్తాం. కూలెంట్ బకెట్లోకి దించితే ఆ బకెట్ ఎత్తుగా పెట్టండి, అది తియ్యగా ఉంటుంది, కుక్కలు తాగేస్తాయి, పిల్లలు వేలు పెట్టి నాకుతారు, చాలా కూలెంట్లలో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ కిడ్నీలని దెబ్బతీసే విషం.

ఎప్పుడు హీటెక్కుతోంది?

మెకానిక్ దగ్గరికి వెళ్లి "బండి హీటెక్కుతోంది" అంటే సగం మాటే చెప్పినట్టు. ఎప్పుడు ఎక్కుతోందన్నది మిగతా సగం, అది బండి నడిపేవాడికి తప్ప ఇంకెవరికీ తెలియదు. రెండు మూడు ట్రిప్పులు పుస్తకంలో రాయండి: ఎక్కడ, ఎంత లోడుతో, ఏ గేరులో, స్టార్ట్ చేసిన ఎంతసేపటికి, ఆపాక ముల్లు ఎంతసేపటికి దిగింది, ఎన్ని లీటర్ల నీళ్లు పట్టింది.

విజయవాడ ట్రాఫిక్‌లోనో, కాటా దగ్గర లైన్లో ఐడిల్లో ఉన్నప్పుడో ఎక్కి, రోడ్డు మీద 50 స్పీడు అందుకోగానే తనే దిగిపోతుంటే గాలి సమస్య. బండి పరిగెడితే గాలి దానంతటది వస్తుంది, నిలబడితే ఫ్యాన్ లాగాలి, ఆ ఫ్యాన్ సరిగ్గా లాగడం లేదన్నమాట. దీనికి ఉల్టా, ఐడిల్లో గంటసేపు పెట్టినా ముల్లు కదలకుండా లోడుతో హైవే మీదో, దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడో మాత్రమే ఎక్కుతుంటే, తయారయ్యే వేడిని బయటికి పంపే శక్తి రేడియేటర్‌కి చాలడం లేదు. బయట జాలీ మూసుకుపోయిందో, లోపల ట్యూబులు పూడిపోయాయో, పంపు నీళ్లని తగినంత తిప్పడం లేదో. పొద్దున్నే చల్లటి బండి స్టార్ట్ చేసిన పది నిమిషాల్లోపే, ఖాళీ బండి మీదే ఎక్కేస్తుంటే థర్మోస్టాట్ (నీళ్లు వేడెక్కాక రేడియేటర్ దారి తెరిచే వాల్వ్) మూసుకుని ఇరుక్కుపోయి ఉండాలి, లేదా నీళ్లు తక్కువ, లేదా లోపల గాలి చేరింది. ముల్లు ఒకసారి పైకి ఒకసారి కిందకి ఊగుతుంటే కూడా నీళ్లలో గాలి మీదే మొదటి అనుమానం. నెలల తరబడి కొంచెం కొంచెంగా పెరుగుతూ వచ్చిందంటే పూడిక, ఒక్కరోజులో మొదలైందంటే ఏదో తెగింది, ఊడింది, ఇరుక్కుంది.

ఇంకోటి. అసలు నిజంగా హీటెక్కుతోందా అన్నది కూడా చూడాలి. ముల్లు ఎర్రలోకి పోయినప్పుడు పక్కకి ఆపి, ఇన్‌ఫ్రారెడ్ గన్‌ని థర్మోస్టాట్ హౌసింగ్ మీదకి గురిపెట్టండి. అల్యూమినియం మెరుపు మీద ఆ గన్ తప్పు చూపిస్తుంది, కాబట్టి ముందురోజే హౌసింగ్ మీద నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి పెట్టుకుని ఆ టేపు మీదే కొలవండి. లోపలి నీళ్ల కంటే పైన కొన్ని డిగ్రీలు తక్కువే కనిపిస్తుంది, అయినా ముల్లు 110 అంటుంటే టేపు మీద 85 వస్తోందంటే సెన్సారో వైరో మీటరో అబద్ధం చెబుతున్నట్టు. హెడ్‌లైట్లు వేయగానే ముల్లు లేచిందంటే అది ఎర్త్ వైరు పనే, ఇంజన్ విప్పాల్సిన అవసరం లేదు.

బయటి నుంచి మొదలు

చల్లటి బండి, తెల్లవారుజామున. క్యాప్ తీసి నీళ్లు చూడండి. తక్కువుంటే ఎక్కడికి పోయాయన్నదే మొదటి ప్రశ్న, నిండుగానే ఉండి హీటెక్కుతోందంటే వేరే దారి. క్యాప్ రబ్బరు ఎండి పగిలిందా, స్ప్రింగ్ మెత్తబడిందా చూడండి. క్యాప్ పట్టకపోతే నీళ్లు ఊరికే పొంగి బయటికి పోతాయి, జనం దాన్నే హెడ్ గ్యాస్కెట్ అనుకుంటారు. కొత్త క్యాప్ కొనేటప్పుడు పాతదాని మీదున్న నంబరే అడిగి తీసుకోండి, ఎక్కువ నంబరుది వేస్తే బాగా పట్టుకుంటుందనుకుని వేయొద్దు, ఎక్కడో పాత హోస్ పైపు చిట్లుతుంది.

కారిన చోట కూలెంట్ ఎండిపోయి పచ్చగానో గులాబీ రంగులోనో తెల్లగానో మరక వదులుతుంది. హోస్ క్లిప్పుల దగ్గర, రేడియేటర్ ట్యాంకు అతుకుల దగ్గర, వాటర్ పంపు కింద టార్చి వేసి వెతకండి. పంపు ఒంటి మీద చిన్న రంధ్రం ఉంటుంది, అది కావాలని పెట్టిందే, లోపలి సీలు పోతే నీళ్లు అక్కడి నుంచి కారతాయి. అక్కడ తడి కనిపించిందంటే పంపు రోజులు అయిపోయాయి. దాన్ని ఎమ్‌సీల్‌తో మూసేసిన బండి ఒకటి చూశాను, కారాల్సిన నీళ్లు బేరింగులోకి పోయి పంపు పట్టేసి, బెల్టు తెగి, ఫ్యాన్ రెక్క రేడియేటర్‌లోకి దిగింది.

ఇక రేడియేటర్ ముందు భాగం. టర్బో బండ్లకి ముందు ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి ఇంజన్లోకి పోయే గాలిని చల్లార్చేది) ఉంటుంది, దాని వెనక రేడియేటర్, రెండిటికీ మధ్య నాలుగు వేళ్లు కూడా పట్టని సందు. ముందు నుంచి చూస్తే జాలీ శుభ్రంగా మెరుస్తుంటుంది, వాటర్ సర్వీసింగ్‌లో కుర్రాడు ముందు నుంచి కొట్టి వదిలేస్తాడు. మురికంతా ఉండేది మధ్య సందులో. నేను మొదటిసారి ఇంటర్‌కూలర్ బోల్టులు నాలుగు విప్పి ముందుకి వంచి చూసినప్పుడు, రేడియేటర్ మొహం మీద అంగుళం మందాన పరుపులాంటిది అంటుకుని ఉంది. మిల్లుల్లో ఎగిరే తవుడు, ఊక, రోడ్డు మట్టి, పురుగుల రెక్కలు, ఇంజన్ ఆయిల్ ఆవిరి, అన్నీ కలిసి అట్టలా తయారయ్యాయి. చేత్తో పట్టి లాగితే చాపలా ఊడొచ్చింది, వెనక వైపు ఫిన్స్ (రేడియేటర్ సన్న రేకులు) అచ్చు పడి ఉన్నాయి. మిల్లులకి, పత్తి జిన్నింగులకి, మిర్చి యార్డులకి తిరిగే బండ్లకి ఇది ఏడాదికి ఒకసారి చేయాల్సిన పని. కడగడం ఇంజన్ వైపు నుంచి బయటికి, అంటే మురికి ఏ దారిన వచ్చిందో ఆ దారినే వెళ్లేలా. మామూలు పైపు చాలు, సర్ఫు నీళ్లు చల్లి పావుగంట నాననిచ్చి కడగండి. ప్రెషర్ గన్ దగ్గరగా పెడితే ఫిన్స్ ఒరిగిపోయి ఉన్న దారి కూడా మూసుకుపోతుంది.

అక్కడే ఉన్నారు కాబట్టి ఫ్యాన్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ డొప్పని, అదే ష్రౌడ్‌ని చూడండి. విరిగితే "అదేం పర్లేదులే" అని తీసి పక్కన పడేసే షెడ్లు చాలా ఉన్నాయి. పర్లేదు కాదు. డొప్ప లేకపోతే ఫ్యాన్ రేడియేటర్ గుండా గాలి లాగడం మానేసి తన చుట్టూ ఉన్న వేడి గాలినే తిప్పుతుంది. ట్రాఫిక్‌లో హీటెక్కే బండికి ఇది లేకపోతే ముందు ఇదే తెచ్చి బిగించండి.

బెల్టు పొడుగు భాగం మధ్యలో బొటనవేలితో నొక్కితే ఒక అర అంగుళం దిగాలి. లోపలి వైపు అద్దంలా నున్నగా అయిపోతే టైటు చేసినా జారుతుంది, మార్చడమే. ఇక విస్కస్ ఫ్యాన్ (వేడిని బట్టి ఫ్యాన్‌ని పట్టే, వదిలే క్లచ్ ఉన్నది) ఉన్న బండ్లకి ఇలా చూడాలి: ఇంజన్ బాగా వేడెక్కాక ఆపి, తాళం జేబులో పెట్టుకుని, ఫ్యాన్‌ని చేత్తో గట్టిగా తిప్పి వదలండి. బిగువుగా ఉండి ఒక చుట్టు లోపే ఆగాలి. నాలుగైదు చుట్లు హాయిగా తిరిగిందంటే లోపలి సిలికాన్ ద్రవం పోయింది. ఫ్యాన్ హబ్ మీద నూనె చార, దానికి దుమ్ము పట్టి నల్లటి చక్రంలా కనిపించినా అదే అర్థం. ఈ ఫ్యాన్ క్లచ్ బాగున్న బండికి వేడెక్కినప్పుడు ఫ్యాన్ "హోరు" మారడం క్యాబిన్లోకి వినిపిస్తుంది, ఆ హోరు ఈ మధ్య వినపడటం లేదని గుర్తొస్తే ఇక టెస్టు కూడా అక్కర్లేదు.

థర్మోస్టాట్ గిన్నె పరీక్ష

ముందు విప్పకుండా చూడండి. చల్లటి బండి స్టార్ట్ చేసి, గన్‌తో పై హోస్ పైపు వేడి చూస్తూ ఉండండి. చాలాసేపు చల్లగానే ఉండి, ముల్లు మధ్యకి వచ్చాక ఒక్కసారిగా వేడెక్కాలి, అదే వాల్వ్ తెరుచుకున్న క్షణం. ముల్లు పైకి పోతున్నా పైపు చల్లగానే ఉంటే వాల్వ్ ఇరుక్కుంది, లేదా నీళ్లు తిరగడం లేదు. మొదటి నుంచే పైపు మెల్లగా వేడెక్కుతూ పోతే వాల్వ్ తెరుచుకుని ఉండిపోయింది, లేదా ఎవరో తీసేశారు.

విప్పి తీశాక గిన్నెలో నీళ్లు పోసి, వాల్వ్‌ని దారంతో వేలాడదీయండి, అడుగుకి తగలకూడదు, తగిలితే అడుగు వేడికి ముందే తెరుచుకుని మనల్ని మోసం చేస్తుంది. దారం కొసని వాల్వ్ పళ్లెం సందులో ఇరికించి వేలాడదీస్తే ఇంకా మంచిది, తెరుచుకోగానే వాల్వ్ దానంతటదే జారి నీళ్లలో పడుతుంది, ఆ క్షణంలో థర్మామీటర్ చూసి రాసుకోండి. వాల్వ్ మీద అచ్చు కొట్టిన అంకె, 80 కావచ్చు 82 కావచ్చు, దానికి రెండు మూడు డిగ్రీల అటూ ఇటూ మొదలవ్వాలి, నీళ్లు మరిగే సమయానికి పూర్తిగా తెరుచుకుని ఉండాలి. మొదలై సగంలో ఆగిపోయేవి ఉంటాయి, అవే ఎక్కువ ఇబ్బంది పెడతాయి, ఎందుకంటే ఖాళీ బండికి చాలతాయి, లోడుకి చాలవు.

ఎండాకాలం వస్తే వాల్వ్ తీసి పడేయడం మన దగ్గర పెద్ద అలవాటు. దయచేసి చేయొద్దు. చాలా డీజిల్ ఇంజన్లలో ఆ వాల్వ్ రెండు పనులు చేస్తుంది: రేడియేటర్ దారి తెరుస్తుంది, అదే సమయంలో బైపాస్ దారి మూస్తుంది. తీసేస్తే బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది, వేడి నీళ్లలో కొంత భాగం రేడియేటర్‌కి వెళ్లకుండానే తిరిగి ఇంజన్లోకి పోతుంది. అంటే లోడు మీద ఇంకా ఎక్కువ హీటెక్కుతుంది. ఖాళీగా ఉన్నప్పుడేమో ఇంజన్ చల్లగా నడిచి డీజిల్ తాగుతుంది, లైనర్లు (సిలిండర్ లోపలి గొట్టాలు) అరుగుతాయి.

రేడియేటర్ లోపల ఏముంది

బోరు నీళ్లు పోసే బండ్లకి ఇది తప్పదు. మా నల్గొండ వైపు బోరు నీళ్లు ఎంత ఉప్పగా ఉంటాయో ఇంట్లో గీజర్ రాడ్డు చూస్తేనే తెలుస్తుంది, దాని మీద పేరుకునే తెల్లటి పెచ్చే రేడియేటర్ ట్యూబుల్లోనూ, ఇంజన్ బ్లాకులోనూ పేరుకుంటుంది. బండిని బాగా వేడెక్కించి, ఆపేసి, వెంటనే ఇంజన్ వైపు నుంచి గన్‌తో రేడియేటర్ అంతా గడి గడిగా కొలవండి, పుస్తకంలో చదరం గీసి అంకెలు వేయండి. నీళ్లు వచ్చే వైపు ఎక్కువ, బయటికి పోయే వైపు తక్కువ, మెల్లమెల్లగా దిగుతూ ఉండాలి. నడుమ ఎక్కడో అరచేతి వెడల్పున చుట్టుపక్కల కంటే బాగా చల్లగా ఉన్న మచ్చ కనిపిస్తే అక్కడ నీళ్లు పారడం లేదు, ఆ ట్యూబులు పూడిపోయాయి. పాత రాగి ఇత్తడి రేడియేటర్ అయితే ట్యాంకు విప్పించి ట్యూబులు శుభ్రం చేయించవచ్చు. అల్యూమినియం ఒంటికి ప్లాస్టిక్ ట్యాంకులున్నదైతే బాగా పూడిపోయాక మార్చడమే నయం. ఇంటి దగ్గర యాసిడ్లు పోసి కడిగే ప్రయత్నం వద్దు, అల్యూమినియాన్ని తినేస్తుంది.

పంపు రెక్కలు తుప్పు పట్టి అరిగిపోతే కారడం ఏమీ ఉండదు, చప్పుడూ ఉండదు, నీళ్లు మాత్రం తిరగవు. థర్మోస్టాట్ బాగుండి, రేడియేటర్ బాగుండి, లోడులో మాత్రమే హీటెక్కుతుంటే పంపు విప్పి చూడాల్సిందే. దానికంటే ముందు ఒక పని: ఇంకొకరిని రేస్ ఇవ్వమని కింది హోస్ పైపుని దూరం నుంచి చూడండి. పంపు పీల్చే వైపు అది, లోపల స్ప్రింగ్ లేని నాసిరకం పైపు వేసి ఉంటే రేస్ ఇచ్చినప్పుడల్లా చప్పిడిగా అతుక్కుపోతుంది. పైపు మారిస్తే పోయేదానికి పంపు మార్చిన వాళ్లున్నారు.

బుడగలు

ఇప్పుడు నా కథ దగ్గరికి.

రాత్రంతా చల్లారిన బండి. పొద్దున క్యాప్ తిప్పగానే "సుయ్"మని గాలి వచ్చిందంటే రాత్రంతా లోపల ప్రెషర్ నిలిచి ఉంది, చల్లటి నీళ్లకి ప్రెషర్ ఉండకూడదు కదా, ఎక్కడి నుంచో గ్యాస్ చేరుతోంది. ఇంకో గుర్తు, చల్లటి బండి స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాల్లోనే, పైపు ఇంకా వేడెక్కకుండానే, రాయిలా బిగిసిపోవడం. క్యాప్ తీసి నీళ్లు నింపి స్టార్ట్ చేసి చూస్తే ఆగకుండా బుడగలు. నీళ్లు కొత్తగా పోసిన రోజు మొదటి పది నిమిషాలు బుడగలు రావడం మామూలే, ఇరుక్కున్న గాలి బయటికి పోతోంది. అది ఆగాక కూడా వస్తున్నాయంటేనే అనుమానించాలి.

ఇక్కడే అందరూ హెడ్ గ్యాస్కెట్ అనేస్తారు. నాకూ అదే చెప్పారు. రెండోసారి కూడా తగ్గక తల పట్టుకుని ఇబ్రహీంపట్నం దగ్గర డాబాలో కూర్చుంటే, ముప్పై ఏళ్లు లారీలు తోలిన ఒక పెద్దాయన అడిగాడు, "బాబూ, గాలి నిండాక కూడా బుడగలొస్తున్నాయా?" అని. నాకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. ఆయన చెప్పిందేమిటంటే, ఎయిర్ బ్రేకు కంప్రెసర్ హెడ్డుకి కూడా ఇంజన్ నీళ్లే పోతాయి, రెండు సన్న పైపులు కనిపిస్తాయి చూడు, ఆ కంప్రెసర్ గ్యాస్కెట్ పోతే అది కొట్టే గాలి తిన్నగా నీళ్లలోకే పోతుంది అని.

ఎలా తేల్చుకోవాలంటే: టైర్లకి రాళ్లు పెట్టి, బ్రేకు మీద కాలు వేసి తొక్కి తొక్కి గాలి దించేయండి. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి క్యాప్ తీసి ఉంచి, ఒకరు ఎయిర్ మీటరు, ఒకరు రేడియేటర్ చూడండి. గాలి నిండుతున్నంతసేపు కంప్రెసర్ మీద బరువుంటుంది. మీటరు ఏడెనిమిది కేజీల దగ్గరికి రాగానే అన్‌లోడర్ వాల్వ్ "ఫుస్"మని గాలి బయటికి వదులుతుంది, అక్కడి నుంచి కంప్రెసర్ ఖాళీగా తిరుగుతుంది. ఆ "ఫుస్" తర్వాత బుడగలు ఆగిపోయి లేదా బాగా తగ్గిపోయి, మళ్లీ బ్రేకు తొక్కి గాలి దించగానే మొదలైతే హెడ్డు జోలికి పోకండి. నా బండికి సరిగ్గా అలాగే అయింది, ఆ పొద్దున ఐదారుసార్లు చేశాను, ఐదారుసార్లూ "ఫుస్" అనగానే నీళ్లు చెరువులా నిలిచిపోయాయి. గాలి ఎంత నిండినా, దిగినా తేడా లేకుండా వస్తూనే ఉండి, రేస్ ఇస్తే పెరుగుతుంటే అప్పుడు ఇంజన్ హెడ్డు వైపు చూడాలి.

ఇంకా రూఢి చేసుకోవాలంటే, ఇంజన్ ఆపి, కంప్రెసర్‌కి పోయే రెండు నీళ్ల పైపులూ ఊడదీసి ఆ రెండు కొసల్నీ ఒకదానికొకటి కలిపేసి బిగించండి. ఇప్పుడు ఇంజన్ నీళ్లు కంప్రెసర్ దాటి పోతున్నాయి. స్టార్ట్ చేసి రెండు మూడు నిమిషాలు మాత్రం ఐడిల్లో చూడండి, అంతకంటే ఎక్కువ వద్దు, నీళ్లు లేకుండా కంప్రెసర్ కాలిపోతుంది. రేడియేటర్లో బుడగలు పోయాయంటే దొంగ దొరికినట్టే. నాకు కంప్రెసర్ గ్యాస్కెట్, కూలీ కలిపి హెడ్డుకి పెట్టినదాంట్లో పదో వంతు కూడా కాలేదు.

ఒకవేళ నిజంగానే ఇంజన్ హెడ్ గ్యాస్కెట్ అని తేలితే, ఇంకా కొన్ని గుర్తులు కలిసి రావాలి: ఎక్కడా కారకుండానే నీళ్లు తగ్గడం, ఆయిల్ గేజ్ మీద కాఫీ రంగు నురగ, వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి తియ్యటి వాసనతో తెల్ల పొగ. రేడియేటర్లో నల్లటి నూనె తేలుతూ ఆయిల్ మాత్రం శుభ్రంగా ఉంటే ఆయిల్ కూలర్‌ని ముందు అనుమానించండి, నడిచేటప్పుడు ఆయిల్ ప్రెషరే ఎక్కువ కాబట్టి నూనె నీళ్లలోకి వస్తుంది. ఈజీఆర్ కూలర్ (తిరిగి ఇంజన్లోకి పంపే పొగని చల్లార్చేది) ఉన్న బండ్లలో అది లోపల చిట్లితే నీళ్లు సైలెన్సర్ దారిన ఆవిరైపోతాయి, బయట చుక్క కూడా కనపడదు. హెడ్డు దింపే రోజు దగ్గరుండండి. తీసిన గ్యాస్కెట్ చేతిలోకి తీసుకుని చూడండి, సిలిండర్ రింగు నుంచి నీళ్ల రంధ్రం దాకా నల్లగా కాలిన దారి ఉండాలి. అలాంటి దారి లేకపోతే, హెడ్డులో పగులు ఉందేమో ప్రెషర్ టెస్టు చేయించండి, పగులు కూడా లేదంటే తప్పు ఇంకెక్కడో ఉంది. నా మొదటి గ్యాస్కెట్ నేను అడగలేదు, వాళ్లు చూపించలేదు. అడిగి ఉంటే రెండోసారి దింపేవాళ్లు కాదని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

నీళ్లతో సంబంధం లేనివి

ఇంజన్ మీద బరువు పెరిగినా హీటెక్కుతుంది. ఒక ఇరవై కిలోమీటర్లు తోలి వచ్చి అన్ని డ్రమ్ముల వేడీ గన్‌తో కొలవండి, ఒకటి మిగతావాటి కంటే బాగా ఎక్కువ ఉంటే ఆ బ్రేకు పట్టి ఉంచుతోంది. ఎయిర్ ఫిల్టర్ పూడిపోయినా, ఎగ్జాస్ట్ బ్రేకు (పొగ దారి మూసి బండి వేగం తగ్గించేది) రెక్క సగం మూసుకుని ఇరుక్కుపోయినా పికప్ పడిపోయి, పొగ నల్లబడి, వేడి పెరుగుతుంది. పాసింగ్ (బండికి అనుమతించిన బరువు) మించి లోడు ఎత్తి, మే నెల మధ్యాహ్నం ఎదురుగాలిలో టాప్ గేరులోనే లాగితే బాగున్న బండి కూడా ఎక్కుతుంది. గేరు దించి రేస్ కొంచెం పెంచితే పంపు, ఫ్యాన్ రెండూ వేగంగా తిరుగుతాయి, చాలామందికి ఇది తెలియక పై గేరులోనే ఇంజన్‌ని మూలిగించి మరీ ఎక్కిస్తారు.

దారిలో ఎర్రలోకి పోతే, నీళ్లు ఉన్నాయని తెలిస్తే రెండు నిమిషాలు ఐడిల్లో ఉంచి ఆపండి, నీళ్లు పోయాయని తెలిస్తే వెంటనే ఆపేయండి. మండుతున్న ఇంజన్ మీదా, ఖాళీ అయిన రేడియేటర్లోకీ చల్లటి నీళ్లు గుమ్మరించొద్దు, హెడ్డు పగులుతుంది. నిజమైన హెడ్డు పని అక్కడే మొదలవుతుంది.

మళ్లీ నింపడం

పని ఏదైనా అయ్యాక, కూలెంట్ డబ్బా మీద చెప్పిన కొలతలో, మామూలుగా సగం సగం, డిస్టిల్డ్ వాటర్ కలపండి, బ్యాటరీకి పోసేదే. బోరు నీళ్లు వద్దు. పాత రంగు కూలెంట్‌లో వేరే రంగుది కలపొద్దు. బండి ముక్కు కొంచెం ఎత్తుగా ఉండేలా ఏటవాలు మీద పెట్టి, బ్లీడ్ స్క్రూ ఉంటే వదులు చేసి, సన్నటి ధారగా పోయండి, గబగబా పోస్తే గాలి ఇరుక్కుంటుంది. స్క్రూ దగ్గర బుడగల్లేని నీళ్లు రాగానే బిగించండి. క్యాప్ తీసి ఉంచే ఐడిల్లో నడిపి, పై పైపు వేడెక్కేదాకా ఉండి, నీళ్లు దిగితే పోసి, అప్పుడు క్యాప్ వేయండి.

మార్కర్‌తో ట్యాంకు మీద గీత గీసి, మొదట ఖాళీ బండి ఒక ఇరవై ముప్పై కిలోమీటర్లు, మర్నాడు సగం లోడుతో తోలండి. రోజూ తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు చూడండి. మూడో రోజు పొద్దున కూడా నీళ్లు ఆ గీత దగ్గరే ఉండి, క్యాప్ తిప్పితే "సుయ్" అనకపోతే, ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుకి ఫోన్ చేసి ఫుల్ లోడు అడగొచ్చు.